మొదటి ఐదొందల కిలోమీటర్లు

షోరూమ్ అద్దాల తలుపు రెండు రెక్కలూ తెరుచుకున్నాయి. ముందు చక్రం కింద ఓ నిమ్మకాయ, వెనక చక్రం కింద ఇంకోటి. హ్యాండిల్‌కి బంతిపూల దండ. పెట్రోలు ట్యాంకు మీద పసుపు, దానిమీద కుంకుమ బొట్టు. కొబ్బరికాయ కొట్టిన నీళ్లు ఇంకా టైర్ల మీంచి కారుతూనే ఉన్నాయి. సేల్స్ అమ్మాయి అట్టతో చేసిన పెద్ద తాళంచెవి తెచ్చి ఇరవై మూడేళ్ల కుర్రాడి చేతిలో పెట్టింది. 'ఇటు చూడండి సార్... నవ్వండి!'

ఆ కుర్రాడు నవ్వాడు. జీవితంలో మొదటిసారి తనని ఒకరు 'సార్' అన్నందుకో, నలుపు మీద ఎర్ర చారల 150 సీసీ బండి ఇక తనదే అన్నందుకో చెప్పడం కష్టం. పక్కన తల్లి. స్వీట్ల డబ్బా పట్టుకుని నిలబడింది కానీ ఆమె చూపు బండి మీద లేదు. షోరూమ్ ముందు రోడ్డు మీద ఉంది. రయ్యిమని పోతున్న బస్సుల మీద, లారీల మీద ఉంది. తండ్రి మాత్రం మోకాళ్ల మీద వంగి ఇంజిన్ కింద ఏదో వెతుకుతున్నాడు. ఆర్టీసీ డిపోలో ముప్పై ఏళ్లకు పైగా మెకానిక్‌గా పనిచేసి రిటైరైన మనిషి. ఆయిల్ ఎక్కడైనా చెమ్మగిల్లిందేమోనని ఆయన అనుమానం.

రెండు నిమ్మకాయలూ చితికిపోయాయి. బండి రోడ్డెక్కింది. మీటరులో రీడింగు నాలుగు కిలోమీటర్లు.

హైదరాబాద్ కర్మన్‌ఘాట్‌లో ఇలాంటి దృశ్యం మంగళవారం, శనివారం మరీ ఎక్కువ. షోరూమ్ నుంచి నేరుగా ధ్యానాంజనేయస్వామి గుడికే వెళతాయి కొత్త బళ్లు. ట్యాంకు మీద ప్లాస్టిక్ కవరు తియ్యరు. సీటు మీద కవరు అసలే తియ్యరు. చిరిగి పీలికలయ్యే దాకా దాన్ని అలాగే ఉంచే ఇళ్లున్నాయి. అంతకంటే ముందు ఆగాల్సిన చోటు మరోటుంది. పెట్రోలు బంకు! కొత్త బండిలో షోరూమ్‌వాళ్లు పోసేది బంకు దాకా చేరేంతే. లక్ష రూపాయలు పైన పోసి కొన్న బండిని మొదటిరోజే తోసుకుంటూ గుడికెళ్లిన వాళ్ల కథలు ప్రతి వీధిలోనూ వినిపిస్తాయి.

కొనడంలో ఉన్న సంబరం ఈ తరానికి కొంచెం తగ్గిందంటారు పెద్దలు. నిజమే కావచ్చు. బజాజ్ చేతక్ కోసం డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసిన రోజులు చూశారు వాళ్లు. పెళ్లప్పుడు బుక్ చేస్తే పిల్లాడు బడికెళ్లే వేళకు వచ్చిందని చెప్పుకునేవారు. మన సనత్‌నగర్ ఆల్విన్ కంపెనీ కూడా ఒకప్పుడు 'పుష్పక్' పేరుతో స్కూటర్లు చేసింది. 1985లో హీరో హోండా సీడీ 100, యమహా ఆర్‌ఎక్స్ 100 వచ్చాక లెక్క మారిపోయింది. ఇప్పుడు ఆధార్ కార్డు, జీతం స్లిప్పు పట్టుకుని పొద్దున వెళితే సాయంత్రానికి బండి ఇంటిముందుంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బళ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. 'ఈ తగ్గింపే లేకపోతే ఇంకో ఏడాది ఆగేవాణ్ణి' అంటాడు మన కుర్రాడు. మందుల కంపెనీలో చేరి తొమ్మిది నెలలైంది. ఇక ముప్పై ఆరు నెలల వాయిదాలు.

అయితే తల్లి ఒప్పుకున్నది వాయిదాలు చూసి కాదు. ఆమె ఒక షరతు పెట్టింది. మొదటి సర్వీసింగ్ అయ్యేదాకా తండ్రి వెనక సీటులో ఉండాలి. ఆఫీసుకూ అంతే, ఎక్కడికీ అంతే!

ఇరవై మూడేళ్ల కుర్రాడికి ఇంతకన్నా అవమానం ఉంటుందా?

తల్లి పట్టుదలకు కారణం అదే సందులో ఉంది. నాలుగిళ్లు దాటాక ఓ గేటు లోపల నీలం టార్పాలిన్ కప్పి ఓ బండి ఉంటుంది. రెండేళ్లుగా ఎవరూ తీయలేదు. దాన్ని నడిపిన పిల్లాడూ, ఈ కుర్రాడూ ఒకే బడి. అందుకే కొత్త బండి వచ్చిన మొదటి పొద్దునే తల్లి చెప్పేసింది. 'ఆ ఇల్లు దాటేదాక స్టార్ట్ చెయ్యకు బిడ్డా. తోసుకుంట పో. ఆ తల్లి చెవులవడితె ఎట్లుంటది?' కుర్రాడు మారు మాట్లాడలేదు.

చెప్పు కరిచినట్లే!

కొత్త బండికి మొదటి ఐదొందల కిలోమీటర్లు ఎందుకంత ముఖ్యం? మాన్యువల్‌లో 'రన్నింగ్-ఇన్' అని ఓ పేజీ ఉంటుంది. చాలామంది చదవరు. మొదటి సర్వీసింగు కంపెనీని బట్టి 500 నుంచి 1000 కిలోమీటర్ల మధ్య చేయిస్తారు. ఈ లోపు బండిని ఎలా నడిపామన్నదాని మీదే ఆ తర్వాత అది ఎలా నడుస్తుందన్నది ఆధారపడి ఉంటుందని పాత మెకానిక్కుల నమ్మకం. నమ్మకం వెనక ఇంజినీరింగూ ఉంది.

సిలిండరు లోపలి గోడ అద్దంలా ఉంటుందనుకుంటాం. ఉండదు. ఇంజిన్ ఆయిల్ పట్టి నిలవడానికి ఫ్యాక్టరీలోనే దాని మీద అడ్డదిడ్డంగా సన్నటి గీతలు పెడతారు. ఆ గోడకు ఆనుకుని పిస్టన్ రింగులు నిమిషానికి వేలసార్లు పైకీ కిందికీ తిరుగుతాయి. కొత్తలో రెండూ కరుకే. ఒకదాన్నొకటి కొంచెం కొంచెంగా అరగదీసుకుని అతుక్కోవాలి. అప్పుడే లోపల పేలిన గ్యాసు పక్కకు జారిపోకుండా పూర్తి బలంతో పిస్టన్‌ను తోస్తుంది. మొదటిరోజే యాక్సిలరేటరు చివరిదాకా తిప్పితే వేడి పెరిగి ఆ గోడ దెబ్బతినొచ్చు. అలాగని మరీ ముద్దుగా, గంటల కొద్దీ ఒకే వేగంతో నడిపినా తప్పే. రింగులు సరిగా కూర్చోవు. పెద్ద గేరులో పెట్టి చిన్న స్పీడులో ఇంజిన్‌ను గునిసేలా లాగించడం ఇంకా తప్పు.

తండ్రి ఇదంతా ఒక్క ముక్కలో చెప్పేశాడు. 'కొత్త చెప్పు మొదలు కాలును కరుస్తది. నాలుగు దినాలు ఓపికపడితె కాలుకు చెప్పు, చెప్పుకు కాలు అలవాటైతయ్. గంతే!'

ఈయన కాలంలో రెండు స్ట్రోకుల బళ్లకు పెట్రోలులోనే టూటీ ఆయిల్ కలిపి పోసేవారు. రన్నింగ్-ఇన్‌లో కాస్త ఎక్కువ కలిపేవారు. తొందరపడితే పిస్టన్ బిగుసుకుపోయి నడిరోడ్డు మీద వెనక చక్రం ఆగిపోయేది. కొత్త కార్ల వెనక అద్దం మీద 'రన్నింగ్-ఇన్' అని రాసి అంటించుకునేవారు, వెనకవాళ్లు హారన్ కొట్టకుండా. ఇప్పటి ఇంజిన్లు అంత సున్నితం కావు. యంత్రాల పనితనం పెరిగింది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చాక కార్బురేటర్లు పోయి ఇంధనాన్ని లెక్కకట్టి చిమ్మే ఇంజెక్టర్లు వచ్చేశాయి. అయినా మాన్యువల్‌లో ఆ పేజీ మాత్రం పోలేదు.

పైగా అలవాటు కావాల్సింది ఇంజిన్ ఒక్కటేనా? కొత్త టైరు పైపొర నున్నగా మెరుస్తుంటుంది. కొన్ని పదుల కిలోమీటర్లు అరిగితేగానీ రోడ్డును పట్టుకోదు. కొత్తలోనే మలుపులో బండిని వాల్చేసే వీరులు జారేది ఇక్కడే. బ్రేకు ప్యాడ్లు డిస్కుకు పూర్తిగా ఆనడానికీ కొంత దూరం పడుతుంది. చైను వదులవుతుంది. ఇక నడిపేవాడు? ఈ బండి ఎంత దూరంలో ఆగుతుందో చేతికి తెలియాలి. అది మాన్యువల్‌లో ఉండదు.

వారం రోజులు ఆఫీసు, ఇల్లు, బజారు. మీటరు 66 దగ్గరికొచ్చింది. ఈ లెక్కన ఐదొందలు ఎప్పటికవుతాయి? నెలన్నర దాకా నాయిన వెనకే కూర్చుంటాడా? కుర్రాడు లెక్కలేసుకుంటుంటే తల్లే దారి చూపించింది. కొడుక్కి ఉద్యోగమొస్తే శ్రీశైలం మల్లన్న దగ్గరికి పంపిస్తానని మొక్కుకుందట. కర్మన్‌ఘాట్ నుంచి శ్రీశైలం 215 కిలోమీటర్లు అటూ ఇటూ. పోయి వస్తే 430. వాడిన 66 కలిపితే...

ఐదొందలకు నాలుగైదు తక్కువ. మల్లన్న కూడా లెక్కల మనిషే!

నెమ్మదిగా పొమ్మనే దారి

చలికాలం. తెల్లవారుజామున ఐదుగంటలు. నీలం టార్పాలిన్ ఇల్లు దాటేదాకా బండిని తోసి, సందు చివర సెల్ఫ్ నొక్కాడు కుర్రాడు. నిమిషం కూడా ఆగకుండా బయల్దేరదీశాడు తండ్రి. నిలబెట్టి రైజ్ చేసి వేడెక్కించడం పాత అలవాటు, కొత్త బండికి పనికిరాదు. మెల్లగా నడుపుతుంటే అదే వేడెక్కుతుంది. ఇద్దరి తలల మీదా హెల్మెట్లు. ఒకటి బండితో వచ్చింది. బండి అమ్మినప్పుడు ఐఎస్‌ఐ గుర్తున్న హెల్మెట్ కూడా ఇవ్వాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. అడిగి తీసుకునేవాళ్లే తక్కువ. రెండోది తల్లి కొనిపించింది.

ఔటర్ రింగురోడ్డు మెయిన్ రోడ్డు మీదికి రెండు చక్రాల బళ్లను రానివ్వరు. అదీ మంచికే. చాంద్రాయణగుట్ట, పహాడీషరీఫ్ మీదుగా తుక్కుగూడ చేరేసరికి తూర్పున కాస్త తెలుపు. అక్కడి నుంచి మొదలవుతుంది శ్రీశైలం రహదారి. కందుకూరు, కడ్తాల్, ఆమనగల్లు. రియల్ ఎస్టేట్ బోర్డులు తగ్గి పత్తి చేలు పెరిగే చోటు ఎక్కడో కచ్చితంగా చెప్పలేం గానీ, ఆమనగల్లు దాటాక మాత్రం గాలి మారుతుంది.

తిన్నటి రోడ్డు. ఖాళీ. బండి కింద ఇంజిన్ గుర్రంలా గింజుకుంటోంది. కుర్రాడి కుడిచెయ్యి దురద పెడుతోంది. సూది యాభై దాటగానే వెనక నుంచి భుజం మీద ఓ తట్టు. ముప్పై ఐదుకు దిగుతాడు. మళ్లీ నలభై, నలభై ఐదు, యాభై. మళ్లీ తట్టు. 'ఒక్క తీరుగ పోవద్దురా. ఎక్కించు, దించు. గేరు మార్చు. దానికి అన్ని ఆటలు నేర్పాలె.'

వెల్దండ దగ్గర ఓ పది బళ్ల గుంపు దాటిపోయింది. నల్ల జాకెట్లు, గ్లౌజులు, హెల్మెట్ల మీద కెమెరాలు. వాళ్లలో ఒకడు వెనక్కి తిరిగి చూసి బొటనవేలు ఎత్తాడు. మెచ్చుకోలో, వెక్కిరింతో! తరవాత ఓ ఆర్టీసీ బస్సు దాటింది. అది సహజమే అనుకున్నాడు. పాల క్యాన్లు కట్టుకున్న పాత స్ప్లెండర్ మీద ఓ పెద్దాయన కూడా దాటి పోయినప్పుడు మాత్రం కుర్రాడి ముఖం హెల్మెట్ లోపలే ఎర్రబడి ఉంటుంది.

గంటకోసారి ఆగడం తండ్రి పెట్టిన రూలు. డిండి దగ్గర రెండోసారి ఆగారు. చెరువు మీద పొగమంచు ఇంకా విచ్చలేదు. టీ తాగుతూ తండ్రి బండి చుట్టూ ఓ ప్రదక్షిణం చేశాడు. చైనును వేలితో ఎత్తి చూశాడు. వెనక సీటు పక్కనున్న చీర గార్డును గుంజి చూశాడు. దాన్ని తీయించేద్దామని కుర్రాడి ఆలోచన, అందం పాడవుతోందని. చీర కొంగు, చున్నీ చక్రంలో పడకుండా వెనక చక్రాన్ని సగం మూయాలన్నది చట్టం. 'మీ అమ్మ కూసుంటది గదరా' అన్నాడు తండ్రి. చీర గార్డు గొడవ అక్కడితో ముగిసింది.

డిండి దాటి హాజీపూర్. అచ్చంపేట రోడ్డు అక్కడే చీలుతుంది. పెట్రోలు ఉందో లేదో చూసుకోవాల్సింది ఈ చుట్టుపక్కలే. అక్కడి నుంచి రోడ్డు నల్లమల మీదికి ఎక్కడం మొదలెడుతుంది. ఘాట్‌లో ఓ పక్క కొండమీద ప్రతాపరుద్రుని కోట గోడలు కనిపిస్తాయి. ఎక్కుడులో బండి కాస్త బరువుగా మూలిగింది. కుర్రాడు గేరు మార్చకుండా యాక్సిలరేటరు తిప్పాడు. తట్టు! మూడో గేరులోకి దిగగానే ఇంజిన్ గొంతు తేటపడింది. ఈసారి ఎందుకు తట్టాడో చెప్పాల్సిన పని లేకపోయింది.

అడవి పెట్టిన స్పీడు

మన్ననూరు చెక్‌పోస్టు. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరింటి దాకా ఈ గేటు మూసి ఉంటుంది. ఇక్కడి నుంచి యాభై అరవై కిలోమీటర్లు అమ్రాబాద్ పులుల అభయారణ్యం. 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న ఈ అడవికి ఈ రోడ్డు ఒక గీత మాత్రమే. రాత్రిపూట రోడ్డు దాటే జంతువులు బళ్ల కింద పడకూడదని ఆ గేటు. పగలు కూడా దుప్పి, అడవిపంది ఎప్పుడు అడ్డొస్తుందో చెప్పలేం. మెల్లగా వెళ్లమని అడుగడుగునా అటవీశాఖ బోర్డులు. హారన్ కొట్టొద్దు, ప్లాస్టిక్ పారేయొద్దు, కోతులకు ఏమీ పెట్టొద్దు.

కోతులకు ఏమీ పెట్టలేదు. అయినా అవే తీసుకున్నాయి! చెక్‌పోస్టు దగ్గర తండ్రీకొడుకులు చేతులు కడుక్కుని వచ్చేసరికి సీటు మీద ఓ మగకోతి దర్జాగా కూర్చుని ప్లాస్టిక్ కవరును పీలికలు చేస్తోంది. అదిలిస్తే పళ్లికిలించి, ట్యాంకు మీంచి ఒక్క దూకు దూకింది. నల్లటి రంగు మీద మూడు తెల్లటి గీతలు. మొదటి గీత పడ్డరోజు బండి ఉన్నవాళ్లెవరూ మరిచిపోరు. కుర్రాడు జేబురుమాలు తడిపి తుడిచాడు. ఊది తుడిచాడు. పోలేదు. ఏడుపొక్కటే తక్కువ. తండ్రి మాత్రం పడీపడీ నవ్వాడు. 'ఆంజనేయుడి గుళ్లో పూజ చేయిస్తివి. ఆయనొచ్చి సంతకం పెట్టిపోయిండు. దిష్టి పాయె, పా!'

ఆ తరవాతి గంటన్నర గురించి కుర్రాడు ఇంటికొచ్చాక ఎక్కువ చెప్పలేకపోయాడు. చెప్పడానికి ఏముంది? రెండు పక్కలా ఎండిన గడ్డి, ఆకు రాల్చుతున్న చెట్లు, వాటి మధ్య ఏటవాలుగా పడే ఎండ. సెల్‌ఫోనులో సిగ్నలు పోయింది. ఫర్‌హాబాద్ వచ్చింది, నిజాముల వేట విడిది ఉన్న చోటు. వటవర్లపల్లి వచ్చింది. మల్లెలతీర్థం జలపాతానికి చీలే దారి అది. చెంచుల గూడేలు అక్కడక్కడా. తలమీద కట్టెలమోపుతో రోడ్డు పక్కన నడుస్తున్న ఓ చెంచు అవ్వ బండిని చూసి ఆగింది. బండి దాటాక మళ్లీ నడిచింది. నలభైలో పోయేవాడికే ఇవి కనిపిస్తాయి. ఎనభైలో పోతే రోడ్డు మధ్య తెల్లగీత తప్ప మరేదీ మిగలదు. ఈ దారిలో ఇంకా నెమ్మదిగా వెళ్లినవాళ్లున్నారు. రోడ్లు లేనప్పుడు యాత్రికులంతా ఈ నల్లమలను కాలినడకన దాటినవాళ్లే. ఉగాదికి కర్ణాటక నుంచి వచ్చే భక్తులు ఇప్పటికీ గుంపులు గుంపులుగా అడవిలో నడిచే వస్తారు. అది కూడా ఒక రన్నింగ్-ఇన్ అనుకోవచ్చేమో!

పొద్దున దాటిపోయిన పది బళ్ల గుంపు దోమలపెంట దగ్గర కనిపించింది. ఆక్టోపస్ వ్యూ పాయింట్ అనే చోటుంది అక్కడ. కొండల సందుల్లో కృష్ణ నీళ్లు ఎనిమిది చేతులు చాచినట్లు కనిపిస్తాయని ఆ పేరు. గుంపులో ఒకడు మోచేతికి కట్టు కట్టించుకుంటున్నాడు. మలుపులో ఇసుక మీద జారాడట. పెద్ద దెబ్బేం కాదు. బండి అద్దం విరిగింది. ఉదయం బొటనవేలు ఎత్తింది అతనేనా? హెల్మెట్ లేకుండా గుర్తుపట్టడం కష్టం. తండ్రి ఏమీ అనలేదు. దగ్గరికెళ్లి వంగిపోయిన క్లచ్ లీవరును చేత్తోనే సరిచేసి ఇచ్చి వచ్చాడు.

ఈగలపెంట దాటాక ఘాట్ దిగుడు. ఒకదాని కింద ఒకటి పాము చుట్టల్లా మలుపులు. మూడో మలుపో నాలుగో మలుపో, గోడ పక్కన కాస్త జాగా ఉన్నచోట, భుజం మీద రెండు తట్లు పడ్డాయి. ఆపమని. తండ్రి దిగి పిట్టగోడ మీద కూర్చున్నాడు. హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఎదురుగా లోయ, దాని అడుగున శ్రీశైలం ఆనకట్ట. 512 మీటర్ల పొడవున కొండకూ కొండకూ మధ్య అడ్డంగా నిలబెట్టిన గోడ. పన్నెండు గేట్లూ మూసే ఉన్నాయి. వానాకాలంలో వాటిని ఎత్తినప్పుడు ఈ మలుపులన్నీ కార్లతో నిండిపోతాయి. ఇప్పుడు గాలి తప్ప ఏం లేదు.

డ్యూటీలో ఉండగా ఘాట్‌లో బస్సు ఆగిపోయిందని కబురొస్తే బ్రేక్‌డౌన్ వ్యాను వేసుకుని ఈ రోడ్డుకు ఎన్నిసార్లు వచ్చాడో ఆయనకే లెక్క లేదు. బస్సు కోసం వచ్చి బస్సు ఒక్కటే చూసి వెళ్లలేదు.

'ఇక్కడ ఏమైంది నాయినా?' అడిగాడు కుర్రాడు.

'ఏం గాలే. ఇంజిన్ సల్లబడనియ్.'

ఇంజిన్ చల్లబడింది. ఆ తరవాత కూడా కాసేపు కూర్చున్నారు.

లెక్కలు చెప్పడం ఇలాంటి చోట ఇబ్బందే. కానీ చెప్పకుండా దాటేయడం ఇంకా ఇబ్బంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణాశాఖ నివేదిక. వాళ్లలో 74,897 మంది రెండు చక్రాల బళ్ల మీదున్నవాళ్లు. హెల్మెట్ లేక పోయినవాళ్లు 50,029 మంది. వీళ్లలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లే. తల్లి వెనక సీటుకు కూడా హెల్మెట్ కొనిపించినప్పుడు ఈ అంకెలు ఆమెకు తెలియవు. ఆమెకు తెలిసింది నాలుగిళ్ల అవతలి టార్పాలిన్ ఒక్కటే.

మిగతా ఘాట్ రెండో గేరులో దిగారు. బ్రేకు నొక్కిపట్టకుండా ఇంజిన్‌తోనే వేగం తగ్గించుకుంటూ దిగితే బ్రేకులు వేడెక్కవు. పిస్టన్ రింగులు సర్దుకోవడానికీ మంచిదే. మలుపు రాకముందే వేగం తగ్గించడం, మలుపు సగం దాటాక మెల్లగా తిప్పడం. ఆఖరి మూడు మలుపుల్లో భుజం మీద ఒక్క తట్టూ పడలేదని కుర్రాడు గమనించాడు. వంతెన దాటితే ఆంధ్రప్రదేశ్. నది ఒడ్డున లింగాలగట్టు, పైన సున్నిపెంట.

సాక్షి సంతకం

శ్రీశైలం చేరేముందు సాక్షిగణపతి గుడి దగ్గర ఆగని బండి ఉండదు. ఎవరెవరు శ్రీశైలం వచ్చారో ఈయన చిట్టాలో రాసుకుని కైలాసంలో శివుడికి సాక్ష్యం చెబుతాడని నమ్మకం. విగ్రహం చేతిలో కలం, పుస్తకం కూడా ఉంటాయి. కుర్రాడు బయటికొచ్చి మీటరు చూసుకున్నాడు. 278. ఇదీ ఓ చిట్టానే. ఎంత దూరం వచ్చాడో రాస్తుంది గానీ ఎలా వచ్చాడో రాయదు. ఆ రెండో సంగతి రాసుకున్నవాడు వెనక సీటులో ఉన్నాడు.

మల్లన్న దర్శనం, భ్రమరాంబ అమ్మవారి దర్శనం బాగానే జరిగాయి. కార్తీకం రద్దీ తగ్గిన రోజులు. సత్రంలో గది దొరికింది. రాత్రి తండ్రి నిద్రపోయాక కుర్రాడు లేచి వెళ్లి కిటికీలోంచి రెండుసార్లు బండి ఉందో లేదో చూసుకున్నాడు. కొత్త బండి కొన్నవాడు ఊరుగాని ఊళ్లో నిద్రపోతాడా?

తిరుగుప్రయాణం చెప్పుకోదగ్గంత పెద్దదేం కాదు. మొక్కు తీరింది కాబట్టి లింగాలగట్టులో ఆగి వేడివేడి చేపల వేపుడు తిన్నారు. పోయేటప్పుడు వాసనకే ముఖం తిప్పుకున్న తండ్రి ఇప్పుడు రెండో ప్లేటు అడిగాడు. మన్ననూరులో బండిని దూరంగా, జనం ఉన్నచోట ఆపారు. కోతి రాలేదు. ఆమనగల్లు ఇవతల కుర్రాడు ఓసారి అద్దంలో చూస్తే వెనక తండ్రి తల పక్కకు వాలి ఉంది. నిద్ర! అద్దంలో చూసుకుంటూ నలభై దాటకుండా నడిపాడు. ఈసారి ఎవరూ తట్టలేదు. బస్సులు దాటాయి, లారీలు దాటాయి. పాల క్యాన్ల స్ప్లెండర్‌లు కూడా దాటే ఉంటాయి.

ఇంటికొచ్చేసరికి మీటరు 497.

నల్లని నూనె

రెండు రోజుల తరవాత మొదటి సర్వీసింగ్. మెకానిక్ కుర్రాడు ఇంజిన్ అడుగున నట్టు విప్పగానే పాత ఆయిల్ ధారగా పళ్లెంలోకి దిగింది. పోసినప్పుడు తేనె రంగు. ఇప్పుడు నల్లగా ఉంది. తండ్రి వేలు ముంచి, బొటనవేలితో రాసి, ఎండలో పట్టాడు. వేలి చర్మం మీద సన్నటి మెరుపు. రింగులూ, గేర్లూ అరిగి రాలిన లోహం పొడి. అందుకే మొదటి ఆయిల్ ఇంత తొందరగా మార్చేది. కొడుకు చెయ్యి పట్టుకుని అతని వేలికీ కాస్త రాశాడు.

'చూసినవా? నువ్వు పొయ్యింది ఇదంత.'

చైను బిగించారు. బ్రేకులు చూశారు. నీళ్లతో కడిగి తుడిచారు. ట్యాంకు మీద మూడు గీతలు మాత్రం అలాగే ఉన్నాయి. బఫింగ్ చేస్తే పోతాయన్నారు. వద్దన్నాడు కుర్రాడు.

బిల్లు కట్టి బయటికొచ్చాక అలవాటు ప్రకారం తండ్రి ఎక్కడం కోసం ఫుట్‌రెస్టు కిందికి దించి ఆగాడు. తండ్రి ఎక్కలేదు. చేతిలో ఉన్న హెల్మెట్‌ను వెనక సీటు కొక్కేనికి తగిలించాడు.

'నువ్వు పో. నాకు డిపోల జర పనున్నది. బస్సులొస్త.'

డిపోలో ఆయనకు పనేముంటుంది, రిటైరయ్యాక? కుర్రాడు అడగలేదు.

ఇంట్లో తల్లి నాలుగింటి నుంచీ గేటు దగ్గరే ఉంది. వారం పది రోజుల్లో ఆ బండి చప్పుడు ఆమె చెవులకు పట్టేసింది. సందు మొదట్లో మలుపు తిరుగుతుండగానే తెలిసిపోతుంది. ఆటో వచ్చింది. కూరగాయల బండి వచ్చింది. పక్కింటి స్కూటీ వచ్చింది. ఆ చప్పుడు మాత్రం రాలేదు. లోపలికెళ్లి పాలగిన్నె పొయ్యి మీద పెట్టి, మళ్లీ వచ్చింది.

చూస్తే కొడుకు గేటు ముందే ఉన్నాడు. హెల్మెట్ పెట్టుకునే ఉన్నాడు. ఇంజిన్ ఆపి, నీలం టార్పాలిన్ ఇంటి అవతలి నుంచి బండిని తోసుకుంటూ వచ్చాడు. నుదుటి మీద చెమట.

ఆమె వెనక సీటు వైపు చూసింది. 'మీ నాయినేడిరా?'

'బస్సులొస్తుండు.'

లోపల పాలు పొంగుతున్న వాసన. ఆమె కదల్లేదు. పైటకొంగుతో ట్యాంకు మీది దుమ్ము తుడిచి, గేటు రెండో రెక్క కూడా తెరిచింది.